అతను పట్నం పోయాడు, ఆమె?

(కొండపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



నిన్న రాత్రి మనందరం ఇక్కడే ‘మాభూమి’ సినిమా చూశాం. అయిపోయాక, బొమ్మలకు రంగులేసే ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, “ఆ పిల్లాడికి కోపమొస్తే పట్నం పోయాడు. ఆ చంద్రి ఎక్కడికి పోవాలమ్మా?” అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టేస్తున్నాను.

నిన్న రానివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. తెలంగాణ సాయుధ పోరాటం మీద కిషన్ చందర్ రాసిన ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన సినిమా ఇది. బి. నరసింగరావు నిర్మాతల్లో ఒకరు. 1980లో విడుదలైంది. రామయ్య ప్రేమించిన లంబాడీ పిల్ల చంద్రిని దొర లొంగదీసుకుంటాడు. రామయ్య ఆమెను వదిలి హైదరాబాదు పోతాడు, అక్కడ చైతన్యం పొందుతాడు, తిరిగొచ్చి పోరాడతాడు. మంచి సినిమా, సందేహం లేదు. వెట్టినీ గడీనీ అంత నిజంగా చూపించిన తెలుగు సినిమాలు ఎన్ని? అయినా చంద్రికి జరిగిన అన్యాయం రామయ్య నడకలో ఒక మెట్టుగానే మిగిలింది.

నరసింగరావే 1988లో ‘దాసి’ తీశారు. అందులో కెమెరా కమలాక్షిని వదలదు. అర్చన నటనకు జాతీయ అవార్డు వచ్చింది. కానీ అది పోరాటానికి ముందటి కాలం కథ. అంటే తెర మీద పోరాడేది మగవాడు, బాధపడేది ఆడది. రెండూ ఒకే మనిషిలో ఉండవా?

ఉన్నాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తీసి చూడండి. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులను ఎదిరించి పంటను ఇంటికి చేర్చుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ ఉంది. వెట్టి కుటుంబంలో పుట్టి దళంలోకి వెళ్ళి, అడవిలో కన్నబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ ఉంది. హైదరాబాదు నుంచి జమాలున్నీసా బాజీ, రజియా బేగం ఉన్నారు. చాకలి, లంబాడీ, ముస్లిం స్త్రీలు లేకుండా ఆ పోరాటం లేదు. 1951లో పోరాటం ఆగాక చాలామందిని ఇళ్ళకు పొమ్మన్నారు. ఏ ఇంటికి? పెద్దావిడ ప్రశ్న వాళ్ళదీనూ.

తెలంగాణ దాకా ఎందుకు, మన ప్రాంతం సంగతి చూద్దాం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మాభూమి’ పేరుతోనే నాటకం రాశారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆడపిల్ల గడప దాటితేనే నోళ్ళు నొక్కుకునే రోజుల్లో మోటూరి ఉదయం బుర్రకథ చెప్పారు. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ నాటకాలాడారు, అజ్ఞాతంలో తిరిగారు, ఆ తరవాత భర్త వదిలేస్తే హాస్టల్ మేట్రన్‌గా బతికారు. తొంభై దాటాక 2012లో ‘నిర్జన వారధి’ అచ్చయ్యేదాకా ఆమె కథ మనలో ఎంతమందికి తెలుసు? నాకూ తెలియదు.

ఈ రాత్రికి ‘దాసి’ వేస్తున్నాం. నిన్నటి పెద్దావిడ ఇదిగో, ముందు వరసలోనే కూర్చుని ఉంది. సినిమా అయ్యాక మైకు ముందు ఆవిడకే ఇవ్వండి.