పోయిన వినికిడి తిరిగి వస్తుందా?



మన కృష్ణానగర్‌లో జెనరేటర్ వ్యాను పక్కన నిలబడేవారు, ఫైట్ సీనులో బాంబుల మధ్య పరుగెత్తేవారు ఎందరో ఉన్నారు. అందుకే ఈనాడు చెవిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం ఉంది. అందులో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. శబ్దాన్ని విద్యుత్తుగా మార్చి నరానికి అందించేవి ఇవే. పెద్ద మోతకు ఇవి చస్తాయి. తెగిన చర్మం మానుతుంది గాని, ఇవి మనిషికి మళ్ళీ పుట్టవు. కోళ్ళలో మాత్రం మళ్ళీ పుడతాయని 1988లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపారు. కోడికి ఉన్న వరం మనిషికి ఎందుకు లేదు? పరిశోధనంతా ఈ ప్రశ్న వెంట నడుస్తోంది.

ఆ కణాలను మొలిపించాలని తయారుచేసిన ఒక మందు ఉత్తుత్తి మందుకంటే మేలు చేయలేదని 2023లో తేలింది. ఓటోఫెర్లిన్ అనే ప్రోటీన్ లోపించి చెవుడుతో పుట్టిన పిల్లలకు సరైన జన్యువును చెవిలోకి ఎక్కించగా, ఆరుగురిలో అయిదుగురికి వినికిడి వచ్చిందని చైనా వైద్యులు 2024లో ప్రకటించారు. సంతోషమే! కాని అది అరుదైన రకం చెవుడు. మోతవల్ల పోయిన చెవికి ఆ వైద్యం పనికిరాదు.

ఇప్పుడు చేతికందేది కాక్లియర్ ఇంప్లాంట్. చచ్చిన కణాలతో పనిలేకుండా సన్నని తీగద్వారా నరానికే విద్యుత్తు అందిస్తుంది. ఖరీదు లక్షలలో మాట. దీనిని చవకగా తయారుచేయాలని అబ్దుల్ కలాంగారి ప్రేరణతో విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల పూనుకుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో పేదపిల్లలకు ఈ ఆపరేషన్‌ను చేర్చారు.

అయితే ఆపరేషన్ కాగానే బిడ్డ మాట్లాడదు. ఏళ్ళ తరబడి మాట నేర్పించాలి. భాష పట్టుబడే తొలి ఏళ్ళు దాటిపోతే ఫలితం తగ్గుతుంది. “మాటలు ఆలస్యంగా వస్తాయిలే” అని నాన్చకండి. తలుపు చప్పుడుకు ఉలికిపడని పసిబిడ్డను వెంటనే కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రిలో చూపించండి. ఇంకొక మాట, చేదుగా ఉన్నా చెప్పక తప్పదు: ఏ మతస్థులలోనైనా దగ్గర సంబంధాల పెళ్ళిళ్ళవల్ల పుట్టుచెవుడు ప్రమాదం పెరుగుతుంది.

పనికి వెళ్ళే తమ్ముళ్ళారా, రోజూ 85 డెసిబెల్స్ మించిన మోతలో ఎనిమిది గంటలుంటే చెవికి చేటు. బాంబు పేలితే ఒక్క క్షణం చాలు. దూది కుక్కుకుంటే సరిపోదు, ఇయర్ ప్లగ్గులు అడిగి పెట్టుకోండి. ఇంటికొచ్చాక చెవి గుయ్యిమంటుంటే అది హెచ్చరిక అని గ్రహించండి. శాస్త్రజ్ఞుల మందు వచ్చేదాకా ఉన్న కణాలే మనకు ఆస్తి. వాటిని కాపాడుకోండి.