పటికబెల్లం ముక్కకు పల్లెటూరు



తెలుగు చరిత్రకారుల సభలో అధ్యక్షుడు పందొమ్మిదో శతాబ్దపు ఇరాన్ పెళ్లిపత్రాల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాదనలేదు. అందుకు ముందుగా వారికి కృతజ్ఞత. "మనకేం సంబంధమండీ?" అని నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక మిత్రుడు అడిగాడు. ఇంటికెళ్లి ఇనప్పెట్టె తెరిచి చూడమన్నాను. దస్తావేజు, జామీను, దాఖలా, వీలునామా. హైదరాబాదు రాజ్యంలో 1880ల దాకా కచేరీ భాష ఫార్సీయే కదా! వీలునామాకు తల ఇంగ్లీషు, తోక ఫార్సీ. రాజీనామా అంటే మొదట్లో సమ్మతించి రాసిచ్చిన కాగితం, ఇప్పుడు మన దగ్గర మంత్రులు ఇస్తామని బెదిరించేది. మాటలైతే తెచ్చుకున్నాం. అవి పుట్టినింట్లో ఇలాంటి కాగితాలతో ఏం చేసుకునేవాళ్లో మనం పెద్దగా పట్టించుకోలేదు.

ఖజార్ వంశం ఇరాన్‌ను 1925 దాకా ఏలింది. ఆ కాలపు కలవారి పెళ్లిపత్రాన్ని మొదటిసారి చూసినవాళ్లు అది చిత్రపటం అనుకుంటారు. చుట్టూ బంగారు నీటితో, నీలి రంగుతో పూలతీగల అంచు. పైన వివాహాన్ని ధర్మబద్ధం చేసిన దేవుడికి స్తుతి. కిందికి వస్తే వరుడి బిరుదులు, వధువు శీలాన్ని కీర్తించే విశేషణాలు బారెడు. వాటిని దాటాక అసలు విషయం, అంటే మెహర్, వరుడు వధువుకు ఇస్తానని రాసిచ్చే సొత్తు. ఖురాన్ ప్రతి ఒకటి, అద్దం ఒకటి, దీపస్తంభాల జత, రొక్కం ఇన్ని తుమాన్లు. ఇంకా పైవాళ్లయితే రాగిసామాను, భూమి, శతాబ్దంలో చాలాకాలం బానిస పిల్ల కూడా. అద్దం పక్కనే, అదే దస్తూరీలో, అదే వరసలో ఒక మనిషి. అంత అందమైన అంచు మధ్య ఆ పంక్తి చదివాక నాకు ఆ బంగారు పూలను మళ్లీ ముచ్చటగా చూడబుద్ధి కాలేదు.

రొక్కం రాసే తీరు చూడండి. "అయిదు వందల తుమాన్లు" అని రాసి ఊరుకోరు. వెంటనే "అందులో సగం రెండు వందల యాభై" అని చేరుస్తారు. తర్వాత ఎవడైనా ఒక సున్నా తగిలిద్దామనుకున్నా, సగం వాణ్ణి పట్టిస్తుంది. మనం ప్రోనోటులో "అక్షరాలా" అని రాసుకోవడం వెనక ఉన్న అనుమానమే ఇదీనూ. పెళ్లినాడే ఇరుపక్షాలకూ ఇంత జాగ్రత్త!

మన పరిశోధకులు తరచుగా పొరపడేది ఇక్కడే. పత్రంలో మెహర్ 500 తుమాన్లని ఉంటే, వధువు చేతికి 500 తుమాన్లు వచ్చాయని లెక్క కట్టేస్తారు. సాధారణంగా వచ్చేది అందులో కొంత, లేదా ఏమీ లేదు. మిగిలింది భర్త మీద బాకీ. అయితే ఆ బాకీకి బలముంది. భర్త పోతే వారసులు పంచుకోకముందే దాన్ని తీర్చాలి. షియా ధర్మశాస్త్రంలో భర్తకు సంతానం ఉంటే భార్యకు వారసత్వంగా దక్కేది ఎనిమిదో వంతు. అది కూడా భూమిలో కాదు. చాలామంది పండితుల లెక్కన ఆమెకు చెందేది కట్టడాల, చెట్ల విలువలో వాటాయే. కాబట్టి నేల ఆమె పేర రావాలంటే దాన్ని పెళ్లిపత్రంలోనో, భర్త బతికుండగా రాయించుకున్న మరో పత్రంలోనో ఎక్కించాలి.

రొక్కాన్ని నమ్ముకోవడానికీ లేదు. శతాబ్దం మొదట్లో ఒకటి రెండు తుమాన్లకు వచ్చే ఇంగ్లీషు పౌను, శతాబ్దం చివరికి సుమారు 5 తుమాన్లకు చేరింది. వెండి ధర పడిపోతూ ఉంటే, పదిహేనేళ్ల పిల్లకు రాసిన మెహర్ ఆమెకు నలభై వచ్చేసరికి ఎంతకు దిగిందో ఊహించుకోండి. తెలివైన తండ్రి అందుకే దాంగుల్లో అడిగాడు. ఏ ఆస్తినైనా ఆరు దాంగులుగా లెక్క కడతారు. ఊళ్లో మూడు దాంగులంటే సగం ఊరు. తుమాను కరిగినా దాంగు కరగదు.

ఇక సుల్హ్‌నామాకు వస్తాను. ఈ ఉపన్యాసం ఒప్పుకున్నదే దీని కోసం.

సుల్హ్ అంటే సంధి, రాజీ. తగాదా ఉంటేనే రాజీ అనుకుంటాం. షియా న్యాయం మాత్రం తగాదా లేకపోయినా సుల్హ్ చేసుకోవచ్చంది. ఆ చిన్న వెసులుబాటులోంచి ఎన్ని ఊళ్లు చేతులు మారాయో! మరణశాసనంతో ఆస్తిలో మూడో వంతుకు మించి ఇష్టమొచ్చినట్టు ఇవ్వడానికి వీల్లేదు. వారసత్వంలో కూతురికి కొడుకు వాటాలో సగమే. మరి కూతురికి సమానంగా ఇవ్వాలనుకున్న తండ్రి, చిన్నభార్యకు ఇల్లు వదిలిపోవాలనుకున్న ముసలాయన ఏం చేయాలి? బతికుండగానే సుల్హ్ రాసేస్తారు. ప్రతిఫలం లేకుండా రాజీ ఏమిటంటారేమో, ప్రతిఫలం ఉంటుంది. ఒక సీర్ పటికబెల్లం. మన తూకంలో 75 గ్రాములు. తోటలు, దుకాణాలు, కాలవనీటి వాటాలు అటు, పటికబెల్లం ముక్క ఇటు. బతికున్నన్నాళ్లూ ఫలసాయం తనదేనని ఒక షరతు, మనసు మారితే రద్దు చేసుకునే హక్కు తనకుందని మరో షరతు. రాసిచ్చినట్టూ ఉంటుంది, చెయ్యి జారనట్టూ ఉంటుంది. దీన్ని శాస్త్రాన్ని ఎగవేయడం అనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ శాస్త్రాన్ని క్షుణ్ణంగా చదివినవాళ్ల పనితనం కనిపిస్తుంది. పత్రం మీద ముద్ర వేసేవాడు ముజ్తహిదే, అంటే ఆ శాస్త్ర పండితుడే కదా!

తాత్కాలిక వివాహం, సీఘె, గురించి రెండు ముక్కలు. గడువు, ప్రతిఫలం రెండూ ముందే చెప్పాలి. గడువు గంటైనా కావచ్చు, 99 ఏళ్లైనా కావచ్చు. నలుగురికి మించి శాశ్వత భార్యలు కూడదు కనుక ఖజార్ రాజు నాసిరుద్దీన్ షా అంతఃపురంలో ఎక్కువమంది ఈ లెక్కలోని వాళ్లే. 1873 యూరప్ యాత్రలో మాస్కో దాకా వెంట వెళ్లిన అనీసుద్దౌలా కూడా సీఘె భార్యే. పిల్లలకు వారసత్వం ఉంటుంది. భార్యకు మాత్రం షరతు రాసుకుంటే తప్ప లేదు. ఆ షా కూతురు తాజుస్సల్తనెకు పసితనంలోనే పెళ్లి కుదిర్చారు. 1914లో రాసుకున్న ఆత్మకథలో ఆ పెళ్లి మీద నిష్ఠూరాన్ని ఆమె దాచుకోలేదు. విడాకులూ తీసుకుంది. పత్రాల్లో వినిపించని గొంతు అలా ఒకటి బయటపడింది.

హార్వర్డులో అఫ్సానె నజ్మాబాది నాయకత్వంలో ఏర్పడిన డిజిటల్ భాండాగారం వల్ల కుటుంబాల పెట్టెల్లో ఉన్న ఇలాంటి పత్రాలు ఇప్పుడు మన ముందున్నాయి. చూసేటప్పుడు బంగారు అంచు దగ్గరే ఆగిపోకండి. అంచు పక్కన ఖాళీల్లో, కాగితం వెనక, వేరే సిరాతో, వేరే దస్తూరీతో వంకరగా రాసిన పంక్తులు ఉంటాయి. ఇంత ముట్టిందని ఒకటి. మిగిలింది వదులుకున్నానని మరొకటి. భర్త ప్రేమగా చూసుకున్నాడని వదులుకుందో, విడాకులు ఇస్తే చాలని మెహర్ వదిలేసి బయటపడిందో, ఆ పంక్తి చెప్పదు. పక్కనే గోరంత ముద్ర ఉంటుంది, అందులో ఆమె పేరు.