కడుపులో నీటితిత్తి: తొందరపడి సూది గుచ్చనివ్వకండి



కొంతకాలం క్రితం మన వార్డుకు ఒక అమ్మ వచ్చింది. పొత్తికడుపులో గడ్డ, బరువు. అండాశయంలో నీటిగడ్డ అనుకున్నారు. సూదితో నీరు లాగేస్తే పోతుందని ఊళ్లో ఆర్.ఎం.పి. చెప్పాడట. మన డాక్టరుగారు ఒకే మాట అడిగారు: "ఇంట్లో గొర్రెలు, కుక్కలు ఉన్నాయా అమ్మా?" "మాకు అవే జీవనాధారం" అంది. మళ్లీ స్కాన్ చేస్తే పెద్ద తిత్తిలో పిల్లతిత్తులు కనిపించాయి. అది హైడాటిడ్ తిత్తి.

ఇది ఎలా వస్తుంది? కుక్క పేగుల్లో సెంటీమీటరు కూడా లేని చిన్న బద్దెపురుగు ఉంటుంది. దాని గుడ్లు కుక్క మలంతో బయటపడి మట్టిలో, నీళ్లలో, ఆకుకూరలపై, కుక్క వెంట్రుకలపై ఉంటాయి. కడగని చేతులతో తింటే మన కడుపులోకి చేరతాయి. ఒక మనిషి నుండి మరొకరికి అంటదు.

నూటికి సుమారు 70 తిత్తులు కాలేయంలో, 20 ఊపిరితిత్తుల్లో వస్తాయి. మిగిలిన కొద్దిమందికి ప్లీహంలో, మూత్రపిండంలో, క్లోమంలో, పేగులను కప్పే పొరల్లో, పొత్తికడుపులో రావచ్చు. అక్కడ వచ్చినప్పుడే మామూలు గడ్డ అని పొరబడతాము. ఏళ్ల తరబడి నొప్పి కూడా ఉండకపోవచ్చు.

గుర్తించడానికి మొదట అల్ట్రాసౌండ్, అవసరమైతే సి.టి. స్కాన్ చేస్తారు. రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చినా జబ్బు లేదని అనుకోకూడదు. కాబట్టి డాక్టరు అడగకపోయినా మీ ఇంట్లో కుక్కలు, గొర్రెలు ఉన్న సంగతి మీరే చెప్పండి.

ఈ తిత్తిని తెలియక గుచ్చినా, గట్టిగా నలిపినా లోపలి నీరు కారి ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చి, బి.పి. పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పైగా ఆ నీటిలోని పురుగు పిల్లలు విత్తనాలు చల్లినట్లు కడుపంతా పడి కొత్త తిత్తులవుతాయి. కొన్ని రకాల తిత్తులకు సూదివైద్యం ఉన్నమాట నిజమే. కానీ అది పెద్ద ఆసుపత్రిలో, ముందుగా మందు ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ చేయాలి. మిగిలినవాటికి ఆపరేషన్. ఎండి గట్టిపడిన తిత్తులను కొన్నిసార్లు కదిలించకుండా స్కాన్‌తో కనిపెట్టి ఉంటారు.

ఆల్బెండజోల్ మాత్రలు నెలల తరబడి వాడవలసి రావచ్చు. నులిపురుగులకు వేసే ఒక్క మాత్ర దీనికి చాలదు. మధ్యమధ్య రక్తపరీక్షలు అవసరం. గర్భిణులు డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు. తగ్గిందనుకున్నా కొన్నేళ్లు స్కాన్ చేయించుకోవాలి.

రాకుండా ఏం చేయాలి?
• మేక, గొర్రె కోసినప్పుడు తిత్తులున్న కాలేయం, ఊపిరితిత్తులు కుక్కలకు వేయకండి. కాల్చండి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చండి.
• పశువుల డాక్టరు చెప్పిన ప్రకారం కుక్కలకు పురుగుల మందు వేయించండి.
• కుక్కను ముట్టుకున్నాక, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లలకూ నేర్పండి.
• ఆకుకూరలు, పచ్చి కూరగాయలు బాగా కడగండి.

ఆ అమ్మకు ఆపరేషన్ అయింది. మాత్రలు వాడి, ఇప్పుడు స్కాన్‌కు మాత్రమే వస్తోంది. మందను కాచే మీరు మీ ఒంటినీ కాచుకోండి. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.