డిస్కు పోవచ్చు, ఆఫీస్ కాపీ పోరాదు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ల్యాప్‌టాప్‌లో పాడైన హార్డ్ డిస్కు తీసి సాలిడ్ స్టేట్ డ్రైవ్, అంటే ఎస్.ఎస్.డి., వేయించుకోవడం గురించి మాట్లాడమన్నారు. నేను ఇంజనీరును కాను, గుమాస్తాగా ఫైళ్లు చూసినవాణ్ణి. కనుక నాకు తెలిసిన భాషలోనే మనవి చేస్తాను.

హార్డ్ డిస్కు మన రికార్డు రూము వంటిది. పి.పి.ఓ. నకలు, మెడికల్ బిల్లులు, మనవల ఫోటోలు అన్నీ అందులోనే ఉంటాయి. మొట్టమొదటి హార్డ్ డిస్కును ఐ.బి.ఎం. సంస్థ 1956లో, అంటే మన ఆంధ్రప్రదేశ్ అవతరించిన ఏడే, ప్రకటించింది. రెండడుగుల వెడల్పు పళ్లేలు 50 ఉన్నా, అందులో పట్టింది 50 లక్షల అక్షరాలే. నేటి డిస్కు అరచేతిలో ఇమిడినా పద్ధతి అదే. ల్యాప్‌టాప్‌లో పళ్లెం సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. చదివే ముల్లు దానికి తగలకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా తక్కువ ఎత్తులో తేలుతుంది. గట్టి కుదుపుకు అది తగిలిందా, రికార్డు గీసుకుపోయినట్టే. ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ లేదు. పెన్ డ్రైవ్‌లో మాదిరిగా చిప్పులలోనే సమాచారం నిలుస్తుంది. అందుకే వేగం ఎక్కువ, కుదుపుల భయం తక్కువ.

గత ఏడాది మా ల్యాప్‌టాప్ రెండు రోజులు టిక్కు టిక్కుమని, మూడోనాడు తెరుచుకోలేదు. ఒక దుకాణంలో కొత్తది కొనమన్నారు. మరొకచోట ఎస్.ఎస్.డి. వేయించాం. కొత్తదాని ధరలో చిన్న వంతుతో పని అయిపోయింది. అయితే పాత డిస్కులోని కాగితాలు మాత్రం తిరిగి రాలేదు.

ఆ నెలలోనే మా సహోద్యోగి ఒకరు కాలం చేశారు. ఫ్యామిలీ పెన్షన్‌కు దరఖాస్తు పెట్టబోతే ఇంట్లో పి.పి.ఓ. కనబడలేదు. వారి కాగితాలు నేను మా ల్యాప్‌టాప్‌లో స్కాన్ చేసి ఉంచాను. అదే రోజు పెన్ డ్రైవ్‌లో కూడా వేశాను. ఆఫీస్ కాపీ ఫైలులో కుట్టనిదే సీటు లేవని అలవాటు మనది కదా! ఆ నకలు చూసి నంబరు రాసుకుని ఆమె దరఖాస్తు పెట్టుకున్నారు.

కనుక సోదరులారా, డిస్కు చప్పుడు చేస్తే పదే పదే ఆన్ చేయకండి. ముందు ముఖ్యమైన కాగితాలు బయటికి తీయించండి. డిస్కు ఇంకా చదవగలిగితే ఉన్నదున్నట్టు కొత్తదానికి ఎక్కించవచ్చు. దాన్ని క్లోనింగ్ అంటారు. పూర్తిగా పోతే విండోస్ కొత్తగా వేయాలి. విండోస్ 10, 11 లలో లైసెన్సు చాలావరకు మదర్‌బోర్డును బట్టి ఉంటుంది గనుక సాధారణంగా మళ్లీ కొననక్కరలేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ యంత్రానికి విండోస్ 11 సరిపడుతుందో లేదో డబ్బు పెట్టకముందే అడగండి. పాత ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా రెండున్నర అంగుళాల సాటా రకం, కొత్తవాటిలో ఎం.2 రకం పడుతుంది. మోడల్ నంబరు చూపించి కొనండి. తీసిన పాత డిస్కు దుకాణంలో వదలకండి, అందులో మీ బ్యాంకు వివరాలు ఉండవచ్చు.

ఎస్.ఎస్.డి. కూడా శాశ్వతం కాదు. ఏ చప్పుడూ లేకుండా ఒక్కసారిగా ఆగిపోవచ్చు. ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి డ్రైవ్‌లో ఒకటి, బీరువాలో కాగితం ప్రతి ఒకటి ఉంచండి. అవి ఎక్కడున్నాయో ఇంట్లో ఇల్లాలికీ పిల్లలకూ చెప్పండి. రేపు ఆ కాగితం వెతకవలసింది వారే.