అంబాసిడరు ఇంజనుకు టైమింగు పెట్టుట



ఉత్తరపారా కర్మాగారమున 2014 వరకు నిర్మింపబడిన అంబాసిడరు కార్లలో, 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను గల పాతవానిని నేటికిని ప్రీతితో కాపాడుకొనుచున్న వారికి, సిలిండరులో నిప్పురవ్వ ఏ క్షణమున పుట్టవలెనో నిర్ణయించు విద్య అత్యావశ్యకము.

పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమము పూర్తిగా మండుటకు కొంత వ్యవధి పట్టును గనుక, పిస్టను పైకొసను చేరుటకు ఇంచుక ముందే రవ్వ పుట్టవలెను. ఆలస్యమైనచో బలము క్షీణించి, ఇంజను వేడెక్కి, పెట్రోలు వృథాయగును. మరీ ముందైనచో, ఎత్తు ఎక్కునపుడు టకటకమని నాకింగు వినవచ్చి, తుదకు పిస్టన్లకే హాని కలుగును.

డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడిపడు క్షణముననే రవ్వ పుట్టును గనుక, వాని ఎడము మారినచో టైమింగును మారును. కావున మొదట ఆ ఎడమును ఫీలర్ గేజితో అంగుళమున వెయ్యింట 15 వంతులకు సరిచేయవలెను. పిదప మొదటి సిలిండరు కంప్రెషనులో నుండగా, క్రాంకును అది తిరుగు దిశలోనే మెల్లగా త్రిప్పి, పుల్లీపైనున్న గుర్తును తయారీదారుల పుస్తకము విధించిన డిగ్రీ వద్ద నిలిపి, డిస్ట్రిబ్యూటరులో తిరుగు రోటరు మొదటి ప్లగ్గు తీగవైపు తిరిగియున్నదో లేదో పరికింపవలెను. తక్కిన తీగలు 3, 4, 2 వరుసలో నుండవలెను. అనంతరము డిస్ట్రిబ్యూటరునకు వచ్చు సన్నతీగ కొసకును ఇంజను లోహమునకును నడుమ చిన్న బల్బు తగిలించి, ఇగ్నిషను తాళము త్రిప్పి, డిస్ట్రిబ్యూటరును ముందుగా రోటరు తిరుగు దిశలో జరిపి, బల్బు ఆరిన పిమ్మట ఎదురు దిశలో మెల్లగా త్రిప్పగా, అది వెలిగిన చోటనే పాయింట్లు విడిపడినవని గ్రహించి బిగింపవలెను.

తరువాత ఎత్తుదారిలో నడిపి చూడుడు. నాకింగు వినబడినచో, డిస్ట్రిబ్యూటరును రోటరు తిరుగు దిశలో రవంత జరుపగా ఆ చప్పుడు శమించును. ఈ పాటి శ్రద్ధ వహించువారికి ఆ ఇంజను చిరకాలము సేవ చేయును.