రోగి ఉన్న ఇంటికి ముధోల్ కుక్క



"ఎవరో వదిలేసిన కుక్కను పెంచుకుందామని పిల్లలు పట్టుబడుతున్నారు. ఇంట్లో రోగి ఉన్నారు కదా, తెచ్చుకోవచ్చా డాక్టరు గారూ?" డిశ్చార్జి సమయంలో కొన్ని కుటుంబాలవారు ఇలా అడుగుతుంటారు. రోగి పరిస్థితినిబట్టి, కుక్క జాతినిబట్టి జవాబు మారుతుంది. ఈరోజు ముధోల్ జాతి గురించి చెబుతాను.

ముధోల్ కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాలో ఉన్న ఊరు. ఈ కుక్కకు ఆ ఊరి పేరే వచ్చింది. వాసన పట్టి వెళ్ళే కుక్క కాదిది. కంటితో చూసి తరిమే వేటకుక్క. సన్నని నడుము, పొడవాటి కాళ్ళు, కోలమూతి. గ్రేహౌండ్స్ అంటే మనకు పోలీసు దళం గుర్తుకొస్తుంది గానీ, ఆ పేరుగల కుక్క కూడా ఈ కోవలోదే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది, వీటికి పని పోయింది. 2005లో తపాలా శాఖ ముధోల్ బొమ్మతో స్టాంపు వేసింది. తరువాత సైన్యం కూడా వీటిని తీసుకుంది. ఆ పేరు విని కొనుక్కున్నవారిలో కొందరు, రెండు గదుల ఇంట్లో దాని పరుగుకు తట్టుకోలేక బయటికి వదిలేస్తారు. అలాంటిదాన్ని చేరదీయడం మంచి పనే. అయితే దాని గతం మనకు తెలియదు. చిక్కంతా అక్కడే.

రేబిస్ సోకిన కుక్కలో లక్షణాలు కొన్ని వారాలకు, ఒక్కోసారి నెలలకు గానీ బయటపడవు. చురుకుగా ఉంది కదా అని ధైర్యపడవద్దు. ఇంటికి తేకముందే పశువుల డాక్టరుకు చూపించి రేబిస్ టీకా వేయించండి, నట్టల మందు పట్టించండి. గజ్జి, తామర, గోమార్లు ఉన్నాయేమో చూడమనండి. టీకా వేసిన రోజే రక్షణ వచ్చేయదు.

కుక్క కరిచినా, గోళ్ళతో గీరినా ఆ చోటును ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసరు ఏవీ పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి రండి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్న భయం పాతకాలంది. ఇప్పుడు చేతికే వేస్తారు, అదీ కొన్ని మోతాదులే. కానీ వాటిలో ఒక్కటీ మానకూడదు. గాయాన్నిబట్టి ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. లక్షణాలు మొదలయ్యాక మనిషిని బ్రతికించడం దాదాపు అసాధ్యం.

ఇక రోగి సంగతి. కీమోథెరపీ జరుగుతున్నవారు, కిడ్నీ మార్పిడి అయినవారు ఇంట్లో ఉంటే, వారి డాక్టరు సరేననేదాకా కుక్కను తేవద్దు. ప్లీహం తీసివేసినవారికి కుక్క లాలాజలంలోని ఒక సూక్ష్మక్రిమి ప్రాణాంతకం కాగలదు. పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవారు సంచి మార్చేటప్పుడు తలుపు వేసి ఉండాలి, కుక్క గదిలో ఉండకూడదు. లూకా సువార్తలో కుక్కలు లాజరు కురుపులు నాకాయని మీరందరూ చదివారు. కుక్క నాకితే పుండు మానుతుందని అనేవారూ ఉన్నారు. సువార్త అక్కడ చెబుతున్నది ఆ బీదవాని దిక్కులేనితనం గురించి, వైద్యం గురించి కాదు. ఆపరేషను గాయాన్నీ, షుగరు పుండునూ నాకనివ్వకండి.

ఈ జాతితో మరో ప్రమాదం పడిపోవడం. రెండడుగులకు పైగా ఎత్తున్న కుక్క, పిల్లి కంటబడగానే ఒక్క ఉదుటున దూకుతుంది. పక్షవాతం వచ్చినవారి చేతికి, తుంటి ఎముక ఆపరేషనైన పెద్దవారి చేతికి దాని గొలుసు ఇవ్వకండి. గేటు ఎప్పుడూ వేసి ఉంచండి. పరుగు తీరితే మాత్రం ఇది పగలు చాలాసేపు పడుకునే ఉంటుంది. రోగి ఉన్న ఇంటికి ఆ నెమ్మది బాగానే కుదురుతుంది. నిద్రలో ఉన్నప్పుడు పిల్లలు మీదపడి ముట్టుకోకూడదు. ఉలిక్కిపడి కరవవచ్చు. పేరు పెట్టి పిలిచి లేపమనండి.

పక్కటెముకలు కాస్త కనిపించడం దీనికి సహజం, జాలిపడి అన్నం కుక్కవద్దు. చర్మం పలుచన, ముళ్ళకంచెకు తేలికగా చీరుకుంటుంది. కుట్లు వేయాల్సి వస్తే వేటకుక్క జాతి అని పశువుల డాక్టరుకు ముందే చెప్పండి. గ్రేహౌండ్ కోవ కుక్కలకు థయోపెంటోన్ వంటి మత్తుమందు త్వరగా వదలదు.

టీకా కార్డు జిరాక్సు ఒకటి రోగి ఫైలులో పెట్టండి. రోగి మళ్ళీ అడ్మిట్ అయితే కుక్కకు తిండి పెట్టేదెవరో, తిప్పేదెవరో కుక్కను తెచ్చేముందే ఇంట్లో కూర్చుని అనుకోండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగవచ్చు.