ఇంటికి లొంగని పిల్లికి కొలువు



పిల్లి యెదురైనచో ప్రయాణము మానుకొను అలవాటు తెలుగు కుటుంబములలో నేటికిని కొంత కలదు. ఖరగ్‌పూరులో వారి పొరుగువారైన వంగీయులకో, పిల్లి బిడ్డలను కాపాడు షష్ఠీదేవికి వాహనము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఈ రైలుపట్టణము వెలసినది మొదలు ఈ రెండు నమ్మకములును ఇరుగుపొరుగున నివసించుచున్నవి. అయినను, పెరటిలో ఈనిన పిల్లి బెడద యైనప్పుడు దానిని గోనెసంచిలో కట్టి దూరముగా విడచి వచ్చుట మాత్రము ఎల్లయెడల కనబడు పద్ధతియే.

ఈ పద్ధతివలన మేలు లేదు. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని సామెత. కాని తానెరిగిన తావును అది సులభముగా విడువదు. క్రొత్తచోట దారి తెలియక ఆకలికి మాడును. ఖాళీయైన పెరటికి వేరొక పిల్లి వచ్చును. అకారణముగా జంతువును ఆకలిదప్పుల పాలగునట్లు విడచుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము కూడ.

పుట్టిన రెండు నెలలలోపు మనుష్యస్పర్శ నెరుగని పిల్లి పెద్దదైన పిదప సాధారణముగా ఒడికి చేరదు. శరణాలయపు బోను దానికి చెరసాల. అట్టి పిల్లులకు అమెరికాలో పశువుల పాకలందును, గిడ్డంగులందును కొలువు చూపుచున్నారు. చికాగోలోని ట్రీ హౌస్ సంస్థ ఇట్టి పని చేసినది. ఈ ఆలోచన క్రొత్తది కాదు. లండను మనియార్డరు కార్యాలయము 1868లో ఎలుకల బాధకు మూడు పిల్లులను నియమించి, వాని పోషణకు వారమునకొక షిల్లింగు మంజూరు చేసినది.

కొలువునకు నియమములు కలవు. మొదట సంతాన నిరోధక శస్త్రచికిత్సయు, వెర్రివ్యాధి టీకాయు జరుగవలెను. ఒంటిగా గాక జంటగా పంపుట మేలు. క్రొత్తచోట రెండు మొదలు నాలుగు వారములు విశాలమైన బోనులో నుంచి, వేళ తప్పక ఆహారమిచ్చి, పిదప తలుపు తెరువవలెను. ఆకలిగొన్న పిల్లియే వేటాడునను మాట పొరపాటు. తిండి లేనిచోట అది నిలువదు. ఎలుకలమందు అచ్చట పెట్టరాదు. మందు తిన్న ఎలుకను తిన్న పిల్లికిని ప్రాణాపాయము.

అయితే పిల్లినుండి అద్భుతములు ఆశింపరాదు. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక చెత్త కర్మాగారమున 79 దినములు పరిశీలింపగా పిల్లులు చంపినవి రెండే పెద్ద యెలుకలని 2018లో ప్రకటితమైనది. ఎలుకలు మాత్రము దాగి తిరిగినవి. చిట్టెలుకలకు పిల్లి చాలును. పందికొక్కులకు కన్నములు పూడ్చుటయు, చెత్త తొలగించుటయు తప్పవు.

ఖరగ్‌పూరులో బియ్యపు కొట్టు గలవారును, చుట్టుపట్ల గ్రామములలో గడ్డివాములు, పశువుల పాకలు గలవారును ఒక జంట పిల్లులకు చోటీయగలరు. గోనెసంచి పట్టుకొనుటకు ముందు అట్టివారిని విచారించుట మేలు. పిల్లికి బిచ్చము పెట్టనివాడని లోభిని నిందించుట లోకమున కలదు. ఇచ్చట పెట్టు పిడికెడన్నము బిచ్చము కాదు, జీతము.